కార్పొరేట్ షోలు: మేజిక్ పెట్టె కొనమంటారా, వద్దంటారా?

గారడీ బాబు (రాయగడ)
12 జనవరి, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది ఒడిశాలోని రాయగడ. మేజిక్, మిమిక్రీ చేస్తాను. తొమ్మిదేళ్లయింది. చవితి పందిళ్లు, స్కూలు యానివర్సరీలు, పుట్టినరోజులు. అటు మునిగుడ నుంచి ఇటు పార్వతీపురం దాకా నన్ను ఎరగని పందిరి లేదు. పందిట్లో అయితే జనం స్టేజి దిగనివ్వరు.

పోయిన నెల విశాఖపట్నం ఏజెంటు ఒకాయన ద్వారా మొదటిసారి ఒక ఫ్యాక్టరీ ఫ్యామిలీ డే (ఉద్యోగుల కుటుంబాలకి చేసే వేడుక) దొరికింది. 20 నిమిషాలు, 8 వేలు. కొత్త కోటు కుట్టించుకుని మరీ వెళ్లాను. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు పెట్టె విప్పించి లైటరు, భగ్గున మండే కాగితాలు, స్పిరిట్ సీసా తీసి బల్ల మీద వరసగా పెట్టారు. "లోపలికి అగ్గిపుల్ల కూడా పోదు" అన్నారు. పన్నెండు ఐటమ్స్‌లో నాలుగు అక్కడే ఆగిపోయాయి. మిగతావాటితో స్టేజి ఎక్కాను. ఏడో నిమిషంలో డిన్నర్ కౌంటర్లు తెరిచారు. సోఫాలో పెద్దసారు ఫోను చూసుకుంటున్నారు. సినిమా హీరోల గొంతులు మొదలుపెట్టాను. వెనకనుంచి ఎవరో ఒడియాలో "బిర్యానీ చల్లారిపోతోంది, పావురాన్ని తర్వాత తీద్దువులే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రాత్రి మొత్తానికి పెద్ద నవ్వు అదే.

మర్నాడు ఏజెంటు ఫోను చేసి, "ఐటమ్ బాగానే ఉంది బాబూ, కానీ నీలాంటోళ్లు నా దగ్గర పది మంది ఉన్నారు" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు నా ప్రశ్న. కోల్‌కతాలో పెట్టెలు చేసే ఒకాయన దగ్గర మనిషిని మూడు ముక్కలు చేసే పెట్టె చూశాను. 60 వేలు. 5 వేలు అడ్వాన్సు ఇచ్చేశాను కూడా, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. అది కొంటే ఆ పది మందిలోంచి బయటపడతానా? లేకపోతే ఎల్‌ఈడీ లైట్ల డ్రెస్సు కుట్టించుకోమంటారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డప్పు మాస్టర్ (గుణుపురం)
12 జనవరి, రాత్రి 11:15

పెట్టె కొన్నా, లైట్లు కొన్నా ఒకటే తమ్ముడూ. కంపెనీ వాళ్లకి డాన్సు ట్రూపు కావాలి, ఆర్కెస్ట్రా కావాలి. ఆ ట్రూపు డ్రెస్సు మార్చుకునేలోపు ఖాళీ నింపడానికి మేజిక్ వాడు కావాలి. ఆ ఖాళీకి 8 వేలు ఇచ్చారంటే ఎక్కువే ఇచ్చారు. 22 ఏళ్లుగా ఆర్కెస్ట్రా నడుపుతున్నాను, ఇందులో పైకి రావడం అంటే ఏజెంటుతో బాగుండటమే. మిగతాదంతా చెప్పుకోడానికి.

సిల్క్‌సిటీ అక్క (బరంపురం)
13 జనవరి, ఉదయం 7:05

మాస్టర్ గారూ, పొద్దున్నే అలా చల్లనీళ్లు పోయకండి.

తమ్ముడూ, నేను యాంకర్‌ని. బరంపురం, ఛత్రపురం, గోపాలపురం, భువనేశ్వర్ తిరుగుతుంటాను. ఒడియా, తెలుగు, హిందీ మూడింట్లో చెప్తాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీ షో పోయింది ఐటమ్స్ వల్ల కాదు. డిన్నర్ వల్ల.

ఇది నవ్వులాట కాదు. ఫ్యామిలీ డేలో అన్నిటికన్నా పెద్ద ఆర్టిస్టు భోజనం. దాని ఎదురుగా నిలబడి ఎవరూ గెలవలేదు. అందుకే షో ఒప్పుకున్న రోజే నేను అడిగే మొదటి మాట, "కౌంటర్లు ఎన్నింటికి తెరుస్తారు, తెరవమని చెప్పేది ఎవరు?" ఆ మనిషి పేరు, ఫోను నంబరు రాసుకుంటాను. సాధారణంగా క్యాంటీన్ కాంట్రాక్టరు సూపర్‌వైజర్ అయివుంటాడు. వెళ్లగానే ఆయన్ని కలిసి, "అన్నా, నేను చెయ్యి ఊపేదాకా మూతలు తియ్యకండి" అని చెప్పుకుంటాను. పెద్దసారు చెప్పినా ఆగని మూతలు ఆ ఒక్క మాటకి ఆగుతాయి.

తర్వాత హెచ్‌ఆర్ వాళ్లకి, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసేవాళ్లకి, పది నిమిషాలు ఫోను చెయ్యి. వచ్చేవాళ్లలో పిల్లలెంతమంది, ఏ భాష వాళ్లు ఎక్కువ, ముందు వరసలో ఎవరు కూర్చుంటారు, ఈ సంవత్సరం అక్కడ జరిగిన మంచీ చెడ్డా ఏమిటి, దేని మీద జోకు వెయ్యకూడదు. ఈ చివరి ప్రశ్న అడిగితే అవతల కాసేపు మాట ఉండదు. అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు మరి.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. పులివేషాలు, దేవుళ్ల వేషాలు, వీధంతా అవే. అక్కడ వేషం చూసి జనం ఆగుతారు. కంపెనీ జనం నీ లైట్ల డ్రెస్సు చూసి ఆగరు. వాళ్ల గురించి నీకేదో తెలుసు అనిపిస్తే ఆగుతారు.

ఇంకొకటి. పావురం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, నీ దగ్గర నిజంగా పావురాలు ఉన్నాయా? ఉంటే కార్పొరేట్‌కి పట్టుకెళ్లకు. ప్రదర్శనలో జంతువుల్ని, పక్షుల్ని వాడాలంటే 2001 నాటి నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. పెద్ద కంపెనీ లీగల్ వాళ్లు చూశారంటే నిన్ను పిలిచినవాళ్ల ఉద్యోగానికే టెన్షన్.

గారడీ బాబు (రాయగడ)
13 జనవరి, ఉదయం 9:20

పావురాలు లేవక్కా, అది ఆ బిర్యానీవాడి ఊహ. నా దగ్గర ఉన్నది స్పాంజి కుందేలు.

మైకు పిచ్చి (జయపురం, ఉండేది బెంగళూరు)
13 జనవరి, మధ్యాహ్నం 1:30

బ్రో, నేను స్టాండప్ కామెడీ చేస్తాను. నెలకి మూడు నాలుగు కార్పొరేట్ షోలు ఉంటాయి. రెండు మాటలు.

ఒకటి, వీడియో. నిన్ను బుక్ చేసేవాళ్లు నీ షో చూసి బుక్ చెయ్యరు, వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి చేస్తారు. అది కూడా లిఫ్టులోనో, మీటింగ్‌లో బల్ల కిందో. ఒకటిన్నర నిమిషం చాలు. మేజిక్ వాళ్ల వీడియోల్లో అందరూ చేసే తప్పు, ట్రిక్కు చూపించి దాని మీద డబడబా మ్యూజిక్ వెయ్యడం. ట్రిక్కు ఎవడికి కావాలి? చూస్తున్న జనం మొహాలు చూపించు. కోటేసుకున్న మనిషి నోరు తెరిచిన క్షణం, ఆయన పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వడం. జనం గొంతు, నీ గొంతు వినపడాలి. పందిరి వీడియో పంపకు, వెనకాల సీరియల్ బల్బులు కనిపిస్తే నీ రేటు అక్కడే తేలిపోతుంది.

రెండు, క్లీన్. భార్యాభర్తల జోకులు, లావు, నలుపు, కులం, పార్టీ, ఏవీ వద్దు. క్యాంటీన్ మీద, పార్కింగ్ మీద, పంచింగ్ మెషిన్ మీద జోకు ఏ కంపెనీలోనైనా పేలుతుంది. ఇంక్రిమెంటు మీద వేస్తే వెనక వరసలు ఈలలేస్తాయి, ముందు వరస నీ పేరు రాసుకుంటుంది.

ఇంగ్లీషు కూడా కాస్త పట్టు బ్రో. అది లేకుండా పెద్ద షోలు రావు.

డప్పు మాస్టర్ (గుణుపురం)
13 జనవరి, మధ్యాహ్నం 2:10

వచ్చాడండీ బెంగళూరు బాబు. ఈ రాయగడ తమ్ముడికి 8 వేలు వస్తుంటే నువ్వు మొహాల వీడియో తియ్యమంటున్నావు. ఆ వీడియో తీసేవాడికే 8 వేలు అవుతుంది. నువ్వు షోకి ఎంత తీసుకుంటావో కూడా చెప్పు, అందరం విని తరిద్దాం.

మైకు పిచ్చి (జయపురం, ఉండేది బెంగళూరు)
13 జనవరి, మధ్యాహ్నం 2:25

మీలాంటివాళ్లు 3 వేలకి కూడా ఒప్పుకోబట్టే ఇక్కడ రేట్లు లేవలేదు అన్నా. ఫోన్లో తీసినా వీడియో అవుతుంది.

డప్పు మాస్టర్ (గుణుపురం)
13 జనవరి, మధ్యాహ్నం 2:31

3 వేలకి నేను మైకు స్టాండు కూడా ఎత్తను. నోరు జాగ్రత్త.

మోడరేటర్
13 జనవరి, మధ్యాహ్నం 3:00

రేట్ల గొడవ వేరే చోట పెట్టుకోండి. ఇక్కడ గారడీ బాబు గారి ప్రశ్నకే జవాబులు. నాలుగు పోస్టులు తీసేశాను.

పాత పర్సనల్ ఆఫీసర్ (రాయగడ, ఇప్పుడు విజయనగరం)
13 జనవరి, రాత్రి 8:50

బాబూ, నేను బల్లకి అవతలి వైపు మనిషిని. ఒక ప్లాంటు పర్సనల్ డిపార్ట్‌మెంటులో (ఇప్పుడు హెచ్‌ఆర్ అంటున్నారు) 27 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీ ఆర్టిస్టుల్ని పిలిచేది మేమే కాబట్టి మా వైపు కథ చెప్తాను.

కార్యక్రమం బాగా జరిగితే మాకు ఎవరూ థాంక్స్ చెప్పరు. చెడితే మాత్రం మర్నాడు పదిన్నరకి పిలుపు వస్తుంది. ఒక సంవత్సరం ఓ మిమిక్రీ కుర్రాడొచ్చాడు. ఎవరు ఎక్కించారో ఏమో, మా యూనిట్ హెడ్‌కి మాట తడబడే అలవాటు ఉంటే దాన్ని స్టేజి మీద చేసి చూపించాడు. హాలు గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. మెమో మాత్రం నాకొక్కడికే వచ్చింది. తర్వాత మూడేళ్లు ఆర్కెస్ట్రా తప్ప ఇంకేదీ పిలవలేదు. డప్పు మాస్టర్ గారూ, మీ అన్నం అలా కూడా పుట్టింది చూడండి.

ఇక నీ పెట్టె సంగతి. మా ప్లాంటులో ఒక కుర్రాడికి కన్వేయర్‌లో పడి చెయ్యి పోయింది. నాలుగు నెలల తర్వాత ఫ్యామిలీ డే. మేజిక్ అతను ఒక ఆడపిల్లని పిలిచి, చెయ్యి కత్తి కింద పెట్టించి, ధడాలున దించాడు. చేతికేమీ కాలేదు, అందరికీ తెలిసిన ట్రిక్కే. కానీ ఆ కుర్రాడి తల్లి మూడో వరసలో కూర్చుని ఉంది. ఆవిడ లేచి బయటికి వెళ్లిపోయింది. ఆవిడ వెనకాల ఇంకో పది కుటుంబాలు వెళ్లాయి. మేజిక్ అతను కత్తి పైకెత్తి పట్టుకుని, చప్పట్లు ఎందుకు రావట్లేదా అని చూస్తూ నిలబడిపోయాడు. అతని తప్పేం లేదు, మేము చెప్పలేదు, అతను అడగలేదు.

అందుకని, ఫ్యాక్టరీలో మనిషిని ముక్కలు చేసే పెట్టె తెరవకు. 60 వేలు కాదు, ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఇంకో సలహా. నువ్వు హెచ్‌ఆర్ గుమ్మం దగ్గరే నిలబడ్డావు, అక్కడ క్యూ పెద్దది. సేఫ్టీ డిపార్ట్‌మెంటు గుమ్మం దగ్గర ఎవరూ లేరు. ఏటా మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. 1966లో అదే రోజు నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ పుట్టింది. 4 నుంచి 10 దాకా వారం జరుపుతారు. ప్రతి ఏడూ అదే వరస: జెండా, ప్రతిజ్ఞ, స్లోగన్ పోటీ, డ్రాయింగ్ పోటీ, ఒక ఉపన్యాసం. ఉపన్యాసంలో సగం హాలు నిద్ర, నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లయితే పూర్తి నిద్ర. ఆ సేఫ్టీ ఆఫీసరు కొత్త ముఖం కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటాడు. నీ చుట్టుపక్కల ఫ్యాక్టరీలే చూడు: జేకేపూర్‌లో పేపర్ మిల్లు, తెరుబలిలో ఇమ్ఫా, దొరగుడలో ఉత్కళ్ అల్యూమినా, దమన్‌జోడిలో నాల్కో, సునాబెడలో హెచ్‌ఏఎల్. నీ ఇంటినుంచి పొద్దున బయల్దేరితే ఒక్కొక్కటీ ఒక రోజు పని. విశాఖ ఏజెంటు నీకెందుకు?

నీ దగ్గర మంట, కత్తి, కోత లేని ఐటమ్స్ ఏమున్నాయో రాయి.

గారడీ బాబు (రాయగడ)
13 జనవరి, రాత్రి 11:55

సార్, ఆ తల్లి సంగతి చదివాక ఒంటిగంటయినా నిద్రపట్టేలా లేదు.

ఐటమ్స్ అంటే: తాడు కోసి అతికించడం, పేపరు చింపి అతికించడం, రింగులు, స్పాంజి బంతులు, పేకముక్కల మేజిక్, నోట్ల మేజిక్, మనసులో అంకె చెప్పడం. ఒక తాళం ఐటమ్ కూడా ఉంది, ఐదు తాళంచెవుల్లో ఒక్కటే పడుతుంది, అది ఎవరి చేతిలో ఉంటుందో ముందే చెప్తాను. 400 పెట్టి కొన్నాను. చిన్నది కదా అని పందిట్లో ఎప్పుడూ చెయ్యలేదు. వెనకవాళ్లకి కనపడదు.

పాత పర్సనల్ ఆఫీసర్ (రాయగడ, ఇప్పుడు విజయనగరం)
14 జనవరి, ఉదయం 6:10

తాళమా! అది చాలు నాయనా. మిగతావన్నీ పక్కన పెట్టు.

ప్లాంటులో ఏ మెషిన్ రిపేరు చెయ్యాలన్నా ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్చికి పనిచేసేవాడు తన సొంత తాళం వేస్తాడు. పేరు, తేదీ రాసిన ట్యాగు కడతాడు. తాళంచెవి తన జేబులో పెట్టుకుంటాడు. ఐదుగురు పనిచేస్తే ఐదు తాళాలు. వాడి తాళం వాడే తియ్యాలి. లాకౌట్ ట్యాగౌట్ అంటారు. ఎందుకంటే వాడు మెషిన్ లోపల ఉండగా ఇంకొకడు తెలియక స్విచ్చి వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ ఒక్క ముక్క జనానికి ఎక్కించడానికి మేము పోస్టర్లు వేసి, క్లాసులు పెట్టి అలిసిపోయాం.

నీ ఐటమ్ కూడా అదే మాట చెప్తోంది, నువ్వు చూసుకోలేదంతే.

సంక్రాంతి శుభాకాంక్షలు.

తెలుగు మాస్టారు (పర్లాకిమిడి)
14 జనవరి, ఉదయం 10:40

అందరికీ పండగ శుభాకాంక్షలు. గారెలు తిని కూర్చుని ఈ చర్చంతా చదివాను. నాకు కార్పొరేట్ తెలియదు, అవధానం తెలుసు. చిన్నప్పుడు మా నాన్నగారు తీసుకెళ్లేవారు.

అష్టావధానంలో పద్యాలు అర్థంకాని వాళ్లు కూడా చివరిదాకా కదలకుండా కూర్చునేవారు. ఎందుకు? ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది వచ్చి కూర్చుంటారు. ప్రశ్న వాళ్లది, జవాబు అవధానిది. ఈ ఊళ్లో జరిగింది ఇంకో ఊళ్లో జరగదు. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టం అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యం కూర్చుకుంటుంటే ఒకాయన మధ్యలో దూరి, "ఏమండీ, మీ ఇంట్లో ఈ వేళ వంకాయ కూరేనా?" అంటూ అడ్డం పడతాడు. అవధాని చురక వేసి మళ్లీ పద్యంలోకి వెళ్లాలి. ఆ చురకకే చప్పట్లు.

బాబూ, నీ బిర్యానీ మనిషి అప్రస్తుత ప్రసంగి. అవధాని అయితే ఆయన్ని పేరు పెట్టి పిలిచి ముందుకు తెచ్చుకునేవాడు. నువ్వు వినపడనట్టు ఊరుకున్నావు. ఈసారి అలాంటివాడు దొరికితే దేవుడు పంపాడనుకో.

మిమిక్రీ గురించి కూడా. వరంగల్లు నేరెళ్ల వేణుమాధవ్ గారు ఈ కళకి తెలుగునాట గౌరవం తెచ్చిన మనిషి. 2001లో పద్మశ్రీ ఇచ్చారు. డిసెంబరు 28న ఆయన పుట్టినరోజుని మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటారు. ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఆయన చేసిన గొంతుల్ని మళ్లీ చెయ్యడం కాదు, చెవి పెట్టి వినడం. సినిమా హీరోల గొంతులు ఏ పందిట్లోనైనా ఉంటాయి. మీ రాయగడ స్టేషన్లో ఒడియా, హిందీ, ఇంగ్లీషు ఒకదాని వెనక ఒకటి వచ్చే అనౌన్స్‌మెంటు ఎవరైనా చేశారా? ఫ్యాక్టరీ సైరను?

పాత పర్సనల్ ఆఫీసర్ (రాయగడ, ఇప్పుడు విజయనగరం)
14 జనవరి, ఉదయం 11:05

మాస్టారూ, మాట బంగారం. సైరను మాత్రం వద్దు! షిఫ్టు సైరను వేరు, ఎమర్జెన్సీ సైరను వేరు. హాల్లో ఎవడికో తేడా తెలియక బయటికి పరుగెత్తితే తొక్కిసలాట అవుతుంది. ఏ శబ్దం చేసినా ముందు సేఫ్టీ ఆఫీసరుకి వినిపించి చెయ్యి.

సిల్క్‌సిటీ అక్క (బరంపురం)
14 జనవరి, మధ్యాహ్నం 12:20

బెంగళూరు తమ్ముడు ఇంగ్లీషు అన్నాడు. హోటల్లో డీలర్ల మీట్ అయితే నిజమే. ప్లాంటులో అయితే తప్పు. రాయగడ మనిషికి తెలుగు, ఒడియా, హిందీ నోట్లో నీళ్లలా ఆడతాయి. విశాఖ ఆర్టిస్టుకి ఒడియా రాదు, భువనేశ్వర్ ఆర్టిస్టుకి తెలుగు రాదు. ఇద్దరూ హిందీలో నెట్టుకొస్తారు, జోకు సగంలో చచ్చిపోతుంది. ఆ ఏజెంటు దగ్గర పది మంది ఉండొచ్చు, మూడు భాషల్లో చురక వేసేవాడు మాత్రం ఒక్కడు కూడా ఉండడు. మనం చిన్నప్పటినుంచి "మీరు తెలుగువాళ్లా, ఒడియావాళ్లా" అని రెండు వైపులా వినీ వినీ ఇదో లోటు అనుకున్నాం. నా ఇంటి అద్దె మొత్తం దాంతోనే కడుతున్నాను.

ఒక చిట్కా: ఒకే మాటని మూడు భాషల్లో చెప్పకు, విసుగొస్తుంది. కథ ఒక భాషలో నడుపు, జోకు ఎవరి మీద పేలుతుందో వాళ్ల భాషలో వదులు. కొండ ఊళ్లనుంచి పనికొచ్చేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల కువి భాషలో పలకరింపు ఒక్కటి నేర్చుకో. ఒక్కటి చాలు, తలలన్నీ పైకి లేస్తాయి.

లెక్కల పుస్తకం (కోరాపుట్)
15 జనవరి, సాయంత్రం 6:45

కళ గురించి అందరూ చెప్పారు, డబ్బు గురించి ఎవరూ చెప్పలేదు. నేను అకౌంట్సు చూస్తాను, నా క్లయింట్లలో ఇద్దరు ఆర్టిస్టులు ఉన్నారు.

ఏజెంటు లేకుండా కంపెనీతో నేరుగా పని చేస్తే వెండర్ కోడ్ (కంపెనీ లెక్కల్లో మీకిచ్చే నంబరు), వర్క్ ఆర్డరు, బిల్లు అన్నీ ఉంటాయి. నోటిమాట మీద వెళ్లొద్దు. బిల్లులోంచి కొంత టీడీఎస్, అంటే ముందుగానే కోసే పన్ను, పట్టుకోవచ్చు. కాంట్రాక్టు లెక్కలో అయితే 1 శాతం, ప్రొఫెషనల్ ఫీజు అని రాస్తే 10 శాతం. పాన్ నంబరు ఇవ్వకపోతే 20. మోసం కాదు, రిటర్ను వేస్తే పన్ను లేనివాళ్లకి తిరిగొస్తుంది. జీఎస్‌టీ ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితేనే, కాబట్టి ఇప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) మాత్రం ఈ రోజే చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే అవుతుంది, ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2023-24 లెక్కల నుంచి ఇంకో మెలిక కూడా వచ్చింది: గడువులో ఇవ్వకపోతే ఆ ఖర్చుని కంపెనీ ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోలేదు, ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు ఉంటే, ఏడాది లెక్కలు ముగిసే మార్చి నెలలో మీరు ఫోను చెయ్యక్కర్లేదు, అకౌంట్సు వాళ్లే చేస్తారు.

డప్పు మాస్టర్ (గుణుపురం)
15 జనవరి, రాత్రి 9:30

ఈ ఉద్యమ్ ఆర్కెస్ట్రాకి కూడా వర్తిస్తుందా? ఒక చోట ఏడు నెలలనుంచి 40 వేలు రావాలి.

లెక్కల పుస్తకం (కోరాపుట్)
15 జనవరి, రాత్రి 9:41

వర్తిస్తుంది. కానీ ఆ షో నాటికే రిజిస్ట్రేషన్ ఉండాలి మాస్టర్ గారూ. పాతదానికి తిరుగుడే. ఇకముందు వాటికైనా చేసుకోండి, ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి, చూపిస్తాను.

గారడీ బాబు (రాయగడ)
9 మార్చి, రాత్రి 11:20

అందరికీ మళ్లీ నమస్కారం. రెండు నెలలు కనపడలేదు, తిరుగుతున్నాను.

ఒక పేజీ కాగితం రాసుకున్నాను. పైన "మేజిక్ షో" అని పెట్టలేదు, "తాళం ఎవరిదో తాళంచెవి వాళ్లదే: 25 నిమిషాలు, మూడు భాషలు, మంట లేదు, కత్తి లేదు" అని పెట్టాను. కింద గేట్ పాస్ కోసం సామాను లిస్టు కూడా నేనే ఇచ్చేశాను. నాలుగు చోట్ల ఇచ్చాను. మూడు చోట్ల కాగితం తీసుకుని టీ ఇచ్చి పంపారు. నాలుగో చోట సేఫ్టీ ఆఫీసరు గారు చదివి, "ఇది మన ట్రైనింగ్‌లా ఉందే" అన్నారు. పోయిన గురువారం షో. రేటు 15 వేలు అన్నాను, 12కి ఒప్పుకున్నారు.

ఈసారి ముందు రోజే వెళ్లి చూశాను. ఎలక్ట్రికల్ వాళ్లు పాత స్విచ్ బాక్సు ఒకటి ఇచ్చారు, ఎరుపు రంగు. వెనక వరసకి తాళం కనపడదన్న భయం దాంతో పోయింది. చిన్న తాళాన్ని పెద్ద ఎర్ర బాక్సుకి వేస్తే కళ్లన్నీ అక్కడికే వెళ్తాయి. స్టేషన్ అనౌన్స్‌మెంటు, టీకొట్టు స్టవ్వు, క్యాంటీన్ ప్లేట్ల చప్పుడు వినిపించి అనుమతి తీసుకున్నాను. అక్క చెప్పినట్టు క్యాంటీన్ సూపర్‌వైజర్‌ని కూడా కలిశాను. ఆయనే నాకు రెండు వడలు పెట్టాడు.

మొదటి పది నిమిషాలు మామూలుగానే పోయాయి. తాడు ఐటమ్ తడబడ్డాను, అది చెప్పుకోడానికేం లేదు. తర్వాత ఐదు తాళంచెవులు ఒక హెల్మెట్‌లో వేసి కలిపి, ఐదుగురిని పిలిచి తలా ఒకటి తీసుకోమన్నాను. వెనకనుంచి ఒకడు ఒడియాలో అరిచాడు, "తాళం పడకపోతే మా మెయింటెనెన్స్ వాళ్లని పిలు, రేపు వస్తారు" అని. మాస్టారూ, మీరే గుర్తొచ్చారు. ఆ మనిషిని పేరు అడిగి ఐదోవాడిగా పైకి పిలిచాను. ఫిట్టరట. నలుగురి తాళంచెవులు పడలేదు. ఇతనిది పడింది. ట్యాగు తిప్పి చూపిస్తే అతని పేరే ఉంది. ఎలా అని మాత్రం అడక్కండి.

అక్కడితో అయిపోవాలి. కానీ నేను ఊరికే, "ఇప్పుడు నువ్వు మెషిన్ లోపల పనిలో ఉన్నావనుకో, తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకో" అన్నాను. పెట్టుకున్నాడు. ముందు వరసలో పెద్దసారు సరదాగా లేచి వచ్చి చెయ్యి చాపారు, "ఏదీ, ఆ చాబీ ఇటివ్వు, నేనూ చూస్తాను" అని. హాలంతా నిశ్శబ్దం. ఆ ఫిట్టరు రెండడుగులు వెనక్కి వేసి, జేబు మీద చెయ్యి పెట్టుకుని, "మో తాలా, మో చాబి. దేబి నాహిఁ" అన్నాడు. నా తాళం, నా తాళంచెవి, ఇవ్వను అని.

రెండు క్షణాలు నా గుండె ఆగింది. తర్వాత పెద్దసారే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. సార్, అలాంటి చప్పట్లు నేను తొమ్మిదేళ్లలో వినలేదు. అవి నాకు కూడా కాదు, ఆ ఫిట్టరుకి. నేను పక్కన నిలబడ్డాను అంతే. స్టేషన్ అనౌన్స్‌మెంటు చెయ్యడం మర్చిపోయి దిగిపోయాను.

నిన్న సేఫ్టీ ఆఫీసరు గారు ఫోను చేశారు. మూడు షిఫ్టులకీ విడివిడిగా మళ్లీ చెయ్యమంటున్నారు. ఇంకో చోటినుంచి సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజకి అడిగారు.

పాత పర్సనల్ ఆఫీసర్ (రాయగడ, ఇప్పుడు విజయనగరం)
10 మార్చి, ఉదయం 5:50

ఇది చదివి మా ఆవిడని నిద్ర లేపి చదివి వినిపించాను. ఆ ఫిట్టరుని తర్వాతి షిఫ్టుల్లో మళ్లీ వాడకు, ముందే అనుకుని చేశారంటారు.

మైకు పిచ్చి (జయపురం, ఉండేది బెంగళూరు)
10 మార్చి, ఉదయం 9:15

బ్రో!! వీడియో ఉందా?

గారడీ బాబు (రాయగడ)
10 మార్చి, ఉదయం 9:40

ప్లాంటు లోపల ఫోను అనుమతి లేదు బ్రో. వాళ్ల ఫోటోగ్రాఫరు తీశాడు, కంపెనీ అనుమతిస్తే ఇస్తానన్నాడు. ఉత్తరం పెట్టాను.

బిల్లు ఇచ్చాను, ఉద్యమ్ నంబరు వేశాను. ఇంకా రాలేదు, నాలుగు రోజులే అయింది.

ఇంకో మాట. కోల్‌కతా ఆయన 5 వేలు తిరిగివ్వనంటున్నాడు, పెట్టె తీసుకోవాల్సిందేనట. మా ఆవిడకి తెలిసిపోయింది. ఆ అడ్వాన్సు మీద ఎవరైనా పెట్టె తీసుకుంటామంటే చెప్పండి. పందిళ్లకి బ్రహ్మాండంగా ఉంటుంది.

డప్పు మాస్టర్ (గుణుపురం)
10 మార్చి, ఉదయం 10:02

మా ట్రూపు డ్రెస్సు మార్చుకునేలోపు ఖాళీ ఉంటుంది. 55కి ఇస్తాడా, ఇంకా తగ్గుతాడా?